ఇంజిను చుట్టూ సందు ఉండాలి

రవికె కుట్టేటప్పుడు ఒంటి కొలత ఎంత ఉంటే అంతే గుడ్డ కత్తిరిస్తామా? కత్తిరించం. కొంచెం వదులు పెడతాం. ఎందుకు? చెయ్యి ఎత్తాలి. వంగాలి. ఊపిరి పీల్చాలి. వదులు లేకపోతే కుట్టు పిగిలిపోతుంది.

కారులో ఇంజినుకు కూడా అలాగే వదులు కావాలి. దాన్ని మెకానిక్కులు క్లియరెన్సు అంటారు. మనం సందు అందాం.

ఈ సంగతి మా అమ్మమ్మ నాకు చెప్పింది. 1998లో జరిగింది. మీరూ చదవండి.

పాత కారు, వేరే ఇంజిను

అంబాసిడర్ కారు మీరు చూసే ఉంటారు. అది పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో తయారయ్యేది. 2014లో ఆ తయారీ ఆగిపోయింది.

మా తాతకు పాత అంబాసిడర్ ఉండేది. తిరుపతి దగ్గర టాక్సీ నడిపేవాడు. దానిది 1489 సి.సి. పెట్రోలు ఇంజిను. అది అరిగిపోయింది. నల్లగా పొగ వచ్చేది. ఆయిలు తాగేది.

1990ల మొదట్లో అంబాసిడర్‌కే జపాను ఇసుజు రకం ఇంజిను పెట్టి అమ్మారు. అది 1817 సి.సి. అలాంటి కారు ఒకటి ప్రమాదంలో నుజ్జయింది. దాని ఇంజిను మాత్రం బాగుంది. తాత అప్పు చేసి ఆ ఇంజిను కొన్నాడు. మేస్త్రీ రెండు రోజుల్లో బిగించాడు.

"పట్టేసింది. రేపు పెళ్ళి బేరానికి పోవచ్చు" అన్నాడు మేస్త్రీ.

మా అమ్మమ్మ రవికెలు కుట్టేది. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. టేపు మీద అంకెలు బాగా చదివేది. ఆమె బానెట్ లోకి తొంగి చూసింది.

"మేస్త్రీ, ఈ ఫ్యానుకూ రేడియేటరుకూ మధ్య సందు ఎంత?" అని అడిగింది.

"తగలడం లేదు కదమ్మా" అన్నాడు మేస్త్రీ.

"నీకెందుకే ఇవన్నీ?" అన్నాడు తాత.

అమ్మమ్మ ఫ్యాను తిరగకుండా చూసి టేపు పెట్టింది. 8 మిల్లీమీటర్లు ఉంది.

"ఇది బండి నిలబడినప్పటి కొలత. బండి కదిలితే ఎంత?" అంది.

కదిలినప్పుడు కొలవాలి

ఇంజినును కారుకు గట్టిగా అతికించరు. రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెడతారు. అందుకని ఇంజిను ఊగుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే పక్కకు ఒరుగుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు జరుగుతుంది.

మేస్త్రీ ఒక కర్ర పెట్టి ఇంజినును ముందుకు నెట్టాడు. అమ్మమ్మ మళ్ళీ కొలిచింది. ఇప్పుడు సందు 2 మిల్లీమీటర్లే!

ఫ్యాను రెక్క రేడియేటరుకు తగిలితే ఏమవుతుంది? రేడియేటరు చిల్లు పడుతుంది. నీళ్ళు కారిపోతాయి. ఇంజిను కాలిపోతుంది. చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

మేస్త్రీ ఇక మాట్లాడలేదు. రేడియేటరును 20 మిల్లీమీటర్లు ముందుకు జరిపి బిగించాడు.

పిండి ముద్ద చెప్పిన మాట

బానెట్ మూశాక లోపల సందు ఎంత ఉందో కంటికి కనబడదు. మరి ఎలా కొలవాలి?

అమ్మమ్మ ఇంటి నుంచి చపాతీ పిండి తెచ్చింది. కొంచెం గట్టిగా కలిపింది. వేలెడు ఎత్తు ముద్దలు చేసింది. అంటుకోకుండా కింద ప్లాస్టిక్ కాగితం వేసి, ఇంజిను మీద ఎత్తుగా ఉన్న చోట్ల పెట్టింది. బానెట్ మెల్లగా మూసి, మళ్ళీ తెరిచింది.

ఒక ముద్ద అణిగిపోయింది. దాన్ని కత్తితో నిలువుగా కోసి ఎత్తు కొలిచింది. 12 మిల్లీమీటర్లు. అంటే అక్కడ సందు అంతే. మిగిలిన ముద్దలు అణగలేదు. అక్కడ సందు ముద్ద ఎత్తు కన్నా ఎక్కువే ఉంది.

సందు తక్కువైన చోట గాలి వడపోసే డబ్బా ఉంది. మేస్త్రీ ఎత్తు తక్కువ డబ్బా బిగించాడు.

అన్నిటికన్నా పెద్ద సంగతి

తాత టార్చి పట్టుకుని కారు కింద చూశాడు. పొగ గొట్టం పక్కనే, వేలెడు దూరంలో బ్రేకు గొట్టం పోతోంది.

పొగ గొట్టం బాగా కాలుతుంది. ఆ వేడికి బ్రేకు గొట్టంలోని ఆయిలు మరుగుతుంది. మరిగితే బుడగలు వస్తాయి. అప్పుడు పెడల్ తొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. బ్రేకు పట్టదు.

తాత తిరుమల కొండకు బండి తోలేవాడు. కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే? బండిలో ఉన్నవాళ్ళు ఏమైపోతారు?

మేస్త్రీ బ్రేకు గొట్టాన్ని దూరంగా మార్చి క్లిప్పులతో బిగించాడు. రెండింటి మధ్య ఒక రేకు అడ్డం పెట్టాడు.

ఇదంతా అయ్యేసరికి ఇంకో రోజు పట్టింది. పెళ్ళి బేరం వేరే బండికి పోయింది. తాత రెండు రోజులు అమ్మమ్మతో సరిగా మాట్లాడలేదు.

తరువాత వారం కొండకు పోయి వచ్చాడు. చెప్పులు విప్పుతూ, "బ్రేకు బాగా పట్టిందే" అన్నాడు. అంతే అన్నాడు.

ఏయే చోట్ల చూడాలి?

1. ఫ్యానుకూ రేడియేటరుకూ మధ్య: ఒక అంగుళం సందు ఉంటే మంచిది.
2. ఇంజినుకూ బానెట్‌కూ మధ్య: ఇక్కడా ఒక అంగుళం ఉంటే మంచిది.
3. ఇంజిను పక్కల: కనీసం అర అంగుళం ఉండాలి.
4. అడుగున ఆయిల్ చాంబర్ దగ్గర: కింది అడ్డపట్టీకి తగలకూడదు.
5. స్టీరింగ్ రాడ్లు: స్టీరింగును ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి చూడాలి. ఎక్కడా తగలకూడదు.
6. పొగ గొట్టం దగ్గర: బ్రేకు గొట్టం, పెట్రోలు గొట్టం, కరెంటు వైర్లు దూరంగా ఉండాలి.

జాగ్రత్తలు

ఇంజిను చల్లబడ్డాకే చెయ్యి పెట్టాలి. ముందుగా బ్యాటరీ వైరు తీయించాలి. చీర కొంగు, జడ, గాజులు ఫ్యాను దగ్గరికి పోకుండా చూసుకోవాలి. జాకీ ఒక్కటే పెట్టి కారు కిందికి దూరకూడదు. కింద గట్టి దిమ్మెలు పెట్టాలి.

ఇంకో మాట. ప్రతి ఇంజిను మీదా ఒక నెంబరు చెక్కి ఉంటుంది. ఆర్.సి.లో కూడా అదే నెంబరు ఉండాలి. కాబట్టి ఇంజిను మార్చే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోవాలి. మార్చాక కొత్త నెంబరు ఆర్.సి.లో రాయించాలి. రెండు నెంబర్లూ పక్కపక్కన పెట్టి మీరే చదివి చూడండి.

కొత్త మాటలు

సందు – రెండు వస్తువుల మధ్య ఖాళీ
రేడియేటరు – ఇంజినును చల్లబరిచే నీళ్ళు ఉండే జల్లెడ లాంటి పెట్టె
ఆయిల్ చాంబర్ – ఇంజిను అడుగున ఆయిలు నిలవ ఉండే తొట్టి
బానెట్ – ఇంజిను మీద మూత

లెక్క చేయండి

1 సెంటీమీటరు = 10 మిల్లీమీటర్లు
1 అంగుళం = సుమారు 25 మిల్లీమీటర్లు

1. ఫ్యాను దగ్గర సందు మొదట 8 మిల్లీమీటర్లు. రేడియేటరును 20 మిల్లీమీటర్లు జరిపారు. ఇప్పుడు సందు ఎంత? అది అంగుళం కన్నా ఎక్కువా, తక్కువా?
2. ఇంజిను 6 మిల్లీమీటర్లు ముందుకు జరిగితే ఇంకా ఎంత సందు మిగులుతుంది?
3. పిండి ముద్ద ఎత్తు 12 మిల్లీమీటర్లు. అంగుళానికి ఇంకా ఎంత తక్కువ?

మాట్లాడుకోండి

"తగలడం లేదు కదా" అన్నాడు మేస్త్రీ. ఆ మాట చాలదని అమ్మమ్మ ఎందుకు అనుకుంది?
మీ ఇంట్లో తిరిగే, ఊగే వస్తువులు ఏవి? మిక్సీ, కుట్టు మిషను, నీళ్ళ మోటారు. వాటి చుట్టూ సందు ఎంత ఉందో టేపుతో కొలిచి, మీ పుస్తకంలో రాయండి. కొలిచే ముందు స్విచ్చి ఆపండి.