మందపాటి అల్యూమినియం వంచేటప్పుడు: కిట్టు విమానం కట్టేవాళ్లకు చిట్కాలు

వాన్స్, జెనిత్ లాంటి అమెరికన్ కంపెనీల కిట్టు పెట్టెలు విప్పితే రెక్కల రేకులు, రిబ్బులు చాలావరకు వంచి, చిల్లులు వేసి సిద్ధంగా ఉంటాయి. అవన్నీ మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే పల్చటి రేకులు. అయినా 1/8 అంగుళం, అంటే 3.2 మి.మీ., అంతకు మించిన మందం ఉన్న యాంగిళ్లు, పట్టీలు కొన్ని గరాజ్‌లో మనమే వంచుకోవాల్సి వస్తుంది. పాత కిట్లలో, ప్లాన్లు మాత్రం కొని కట్టేవాళ్ల దగ్గర ఈ పని ఇంకా ఎక్కువ. పల్చటి రేకు కాస్త సర్దుకుపోతుంది. మందపాటిది సర్దుకోదు. పైగా వంచిన రోజున కంటికి కనబడనంత బీట వేసి, ఎగరడం మొదలయ్యాక పెద్దదవుతుంది.

1. ముందు లోహం మీద ఉన్న అచ్చు చదవండి. 6061-టీ6 ఓపిగ్గా వంగుతుంది. 2024-టీ3 బలమైనదే గానీ మొండిది. 7075-టీ6ని ఇంట్లో వంచే ఆలోచనే వద్దు. అచ్చు లేని యాంగిల్ హార్డ్‌వేర్ షాపులో ఎంత చవగ్గా దొరికినా విమానం దరిదాపులకు తేకండి. ప్లానులో ఒక రకం రాసి ఉంటే దానికి బదులు ఇంకోటి వాడాలా వద్దా అన్నది డిజైన్ చేసినవాళ్లు చెప్పాల్సిన మాట.

2. వంపు లోపలి రేడియస్ ఎంతన్నది ప్లానులో ఉంటే అదే ఖాయం. లేకపోతే అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ వెలువరించిన ఏసీ 43.13-1బీ అనే సలహా పత్రంలో పట్టిక చూడండి. 1/8 అంగుళం మందానికి 6061-టీ6 అయితే మందానికి 3 రెట్లు, అంటే సుమారు 10 మి.మీ., పెట్టుకుంటే నిశ్చింత. 2024-టీ3కి 4 నుంచి 6 రెట్లు కావాలి. ఇంత ఎందుకంటే, వంచినప్పుడు బయటి పొర సాగుతుంది. 10 మి.మీ. రేడియస్‌కి ఆ సాగుడు దాదాపు 14 శాతం. 3 మి.మీ.కి 35 శాతం. 6061-టీ6 పట్టీని రెండు వైపులా పట్టి లాగితే తెగేలోపు సాగేది 12 నుంచి 17 శాతమే. బెంచి వైసు దవడ అంచుకి రేడియస్ అంటూ ఉండదు కాబట్టి దాని మీద నేరుగా వంచడమంటే గాటు పెట్టి విరవడమే. ఓక్ చెక్క దిమ్మె గానీ ఇనుప పట్టీ గానీ తీసుకుని, దాని అంచుని కావలసిన గుండ్రానికి అరగదీసి, దవడకూ పట్టీకీ మధ్య పెట్టండి. గుండ్రం సరిగ్గా వచ్చిందా లేదా తెలియాలంటే 20 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టం ముక్కను దిమ్మె చివర ఆనించి గీత గీసుకుంటే చాలు.

3. రేకు ఫ్యాక్టరీలో రోలర్ల కింద సాగిన దిశ ఒకటి ఉంటుంది. తేరిపార చూస్తే సన్నటి గీతల్లా కనిపిస్తుంది. వంపు గీత దానికి అడ్డంగా రావాలి. ఆ గీతల వెంబడే వంచితే పగిలే అవకాశం పెరుగుతుంది. ముక్క కోసే ముందే ఈ సంగతి చూసుకోవాలి, కోశాక చేసేదేమీ లేదు.

4. గుర్తులకు సన్నటి మార్కర్ పెన్ను వాడండి. ఇనుప మొనతో గీస్తే ఆ గీతే బీటకు దారి. పెన్సిలూ వద్దు. అందులోని గ్రాఫైటు తేమ తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది.

5. నన్నడిగితే ఈ పనిలో సగం అంచుల దగ్గరే ఉంది. బీట దాదాపు ఎప్పుడూ పట్టీ అంచు దగ్గరే మొదలవుతుంది. రంపం పళ్లు వదిలిన సన్నటి గాట్లు ఒక్కొక్కటీ ఒక్కో ఆహ్వానం. ముందు ఆకురాయితో, అంచు పొడవునా నడిపిస్తూ, గాట్లు పోయేదాకా తీయండి. అడ్డంగా రాయకండి, అడ్డంగా రాస్తే మీరే కొత్త గాట్లు పెడుతున్నట్టు. తర్వాత 180 నంబరు ఎమరీ పేపరు, దాని వెనక 400, అదీ పొడవునే. రెండు మూలలూ కాస్త గుండ్రం చేయండి. ఇప్పుడు బొటనవేలి గోరు అంచు మీద మెల్లిగా జార్చి చూడండి. ఎక్కడైనా ‘టిక్’మని తట్టుకుందా, మళ్లీ 180 దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే. విసుగు పుట్టించే పనే. వంచేది ముప్పావు అంగుళమైనా దానికి అటూ ఇటూ రెండేసి అంగుళాలు ఇలా నున్న చేసుకోండి. వంపు బయటివైపు వచ్చే ముఖం మీద గీతలు పడి ఉంటే అవి కూడా పోవాలి.

6. కోసే పొడవు లెక్క కట్టుకోండి. ఒక్కో డిగ్రీకి రేడియస్‌ని 0.01743తో, మందాన్ని 0.0078తో గుణించి కలపాలి. 10 మి.మీ. రేడియస్, 3.2 మి.మీ. మందం, 90 డిగ్రీలకు 17.9 మి.మీ. వస్తుంది. బయటి కొలతల ప్రకారం రెండు కాళ్లూ 50 మి.మీ. చొప్పున కావాలంటే 100 కాదు, 91.5 మి.మీ. పట్టీ చాలు.

7. సుత్తితో బాదకండి. బాదితే వంపు ఒకచోట నిలవదు, కాలు విల్లులా తిరుగుతుంది. పట్టీ పైభాగాన్ని రెండు ఇనుప యాంగిళ్ల మధ్య బిగించి వాటినే మీట చేసుకుని నెమ్మదిగా లాగండి. 50 మి.మీ. వెడల్పు, 3.2 మి.మీ. మందం ఉన్న 6061-టీ6 పట్టీకి 300 మి.మీ. మీట మీద 12 కిలోల బలం సరిపోతుంది. అదే పట్టీ పావు అంగుళం మందమైతే 45 కిలోలు దాటుతుంది, ఎందుకంటే మందం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు కావాలి. అక్కడికి వచ్చాక చేతులతో కుస్తీ మాని హైడ్రాలిక్ ప్రెస్సు వెతుక్కోండి. కళ్లద్దాలు తప్పనిసరి.

8. వదిలేస్తే లోహం కొంచెం వెనక్కి వస్తుంది. మూడు నుంచి అయిదు డిగ్రీలు ఎక్కువ వంచాల్సి రావచ్చు. అదే పట్టీలోంచి మిగిలిన ముక్క మీద ముందు చూసుకుంటే మీ చేతికి, మీ దిమ్మెకి సరైన లెక్క తెలుస్తుంది.

9. ఎక్కువ వంగిందని వెనక్కి వంచకండి. ఒకటి రెండు డిగ్రీల సవరణ వేరు, 90 నుంచి 70కి తెచ్చి మళ్లీ వంచడం వేరు. ఒకసారి వంగినచోట లోహం గట్టిపడిపోతుంది.

10. వేడి చేస్తే మెత్తబడుతుంది కదా అని టార్చి పట్టుకొచ్చే మిత్రుడు ప్రతి గరాజ్‌కీ ఒకడుంటాడు. మెత్తబడే మాట నిజమే. అసిటిలీన్ మసి పూసి, ఆ మసి కాలిపోయేదాకా వేడి చేసే పాత పద్ధతీ ఉంది. కానీ టీ6 స్థితిలో 276 మెగాపాస్కల్స్ దాకా లొంగని 6061, అలా మెత్తబడ్డాక 55 దగ్గరే లొంగిపోతుంది. అయిదో వంతు బలం. చల్లారాక ఆ బలం దానంతటది తిరిగి రాదు. 530 డిగ్రీల సెంటీగ్రేడు కొలిమి, నీళ్లలో ముంచడం, తర్వాత గంటల తరబడి సన్నటి వేడి కావాలి. వంటింటి ఓవెన్‌తో అయ్యే పని కాదు. చల్లగానే వంచండి.

11. లాంజెరాన్ల సంగతి వేరుగా చెప్పాలి. వాన్స్ వాళ్ల పాత ఆర్‌వీ విమానాల్లో కాక్‌పిట్ అంచు వెంబడి వెళ్లే ముప్పావు అంగుళం యాంగిళ్లు ఇవి. వీటికి ఒకచోట మడత ఉండదు, పొడవునా సన్నటి వంపు ఉంటుంది. ప్లైవుడ్ మీద ఆ వంపు గీసుకోండి. యాంగిల్‌ను మెత్తటి దవడలున్న వైసులో పట్టించి, ఎడమచేత్తో చివర నొక్కిపట్టి, వైసు పక్కనే ప్లాస్టిక్ సుత్తితో ఒక్క దెబ్బ. అంగుళం జరపండి, మళ్లీ ఒక దెబ్బ. నాలుగయిదు దెబ్బలకోసారి ప్లైవుడ్ మీద పెట్టి చూడండి. ఒక కాలు వంగుతుంటే రెండోది మెలి తిరుగుతుంది, కంగారు పడకండి. అది యాంగిల్ నైజం. దవడలకు టేపు చుట్టిన స్క్రూ స్పానర్‌తో మెల్లిగా ఎదురు మెలి తిప్పితే దారికొస్తుంది. మొదటి దెబ్బకు ముందే ఒకదాని మీద ‘కుడి’, ఒకదాని మీద ‘ఎడమ’ అని, ఏ ముఖం పైకో రాసుకోండి. రెండు ఎడమలు చేసి కూర్చునేవాళ్లు ఏటా ఉంటూనే ఉంటారు.

12. చిల్లులు వంచిన తర్వాతే. వంపు దగ్గర ముందే చిల్లు ఉంటే అది కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది.

13. పని అయ్యాక పది రెట్లు చూపే భూతద్దంతో బయటి వంపును, ముఖ్యంగా రెండు అంచులను, పక్కనుంచి దీపం పడేలా పెట్టి చూడండి. అనుమానముంటే రంగు పరీక్ష కిట్టు కొనండి. ఎర్ర రంగు కొట్టి, కాసేపాగి తుడిచి, తెల్ల పొడి స్ప్రే చేస్తే బీట ఉన్నచోట ఎర్రటి గీత తేలుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రం ఆష్‌కోష్‌లో ఉన్న ఈఏఏ (ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) సంఘానికి టెక్నికల్ కౌన్సిలర్లని స్వచ్ఛంద సలహాదారులు ఉన్నారు. సభ్యులు పిలిస్తే గరాజ్‌కే వచ్చి చూసి వెళతారు. రివెట్లు కొట్టకముందే పిలవండి.

14. బీట కనిపించిన ముక్కను అరగదీసి దాచకండి. ఎర్ర రంగు పూసి, రంపంతో రెండు ముక్కలు చేసి, తుక్కులో పడేయండి. మంచివాటి పక్కన బల్ల మీద ఉంచితే అది ఏదో ఒక రాత్రి ఫ్యూజలాజ్‌లోకి చేరిపోతుంది.