ఆదివారం అబిడ్స్‌లో ఓ బాట

హైదరాబాద్‌లో సైకిల్ ట్రాక్ అనగానే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాకే గుర్తొస్తుంది. పైన సోలార్ పలకలు, కింద నీడ, బాగుంటుంది. కానీ అక్కడ జాగా ఉంది. నాంపల్లి, అబిడ్స్‌లో జాగా ఎక్కడిది? అయినా సరే, నడకకీ సైకిలుకీ కలిపి ఒక బాట కావాలంటే నేను ఇక్కడే అడుగుతాను.

ఎందుకంటే చూడాల్సినవన్నీ ఒకే వరసలో ఉన్నాయి. పబ్లిక్ గార్డెన్స్ దగ్గర మొదలుపెడితే నాంపల్లి స్టేషన్, స్టేషన్ రోడ్డులో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ (1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఈ ఇంట్లోనే), అబిడ్స్ జీపీవో, చివరికి 1935 నాటి మొజంజాహీ మార్కెట్. మెట్రో దిగి నడిచేయొచ్చు. చివర్లో ఐస్‌క్రీమ్ ఎలాగూ ఉంది.

చిక్కంతా ఫుట్‌పాత్ దగ్గర వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం నడిచేవాళ్లకి అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మన సివిల్ వాళ్లు వెంటనే "ఎన్‌క్రోచ్‌మెంట్లు తీసేయండి" అంటారు. ఆదివారం అబిడ్స్‌లో ఆ ఎన్‌క్రోచ్‌మెంట్ అంటే మూసిన షాపుల ముందు పరిచిన పాత పుస్తకాలు! మనలో చాలామంది సెమిస్టర్లు గట్టెక్కింది వాటితోనే కదా. వాళ్లని లేపేసి వేసిన బాట మీద నడవడానికి ఎవరొస్తారు? ఆదివారం పూట జనాన్ని అక్కడికి నడిపించుకొస్తున్నది ఆ పుస్తకాలే.

చట్టం కూడా వాళ్లని అడగమనే చెబుతోంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లని ఎన్నుకునేది కూడా వ్యాపారులే. కాబట్టి డ్రాయింగ్ గీశాక అభిప్రాయాలు అడగడం కాదు, గీసే ముందే టేపు పట్టుకుని వాళ్లతో కలిసి నడవాలి. ఎవరు ఎన్నింటికి మూటలు దించుతారు, ఆటో ఎక్కడ ఆగుతుంది, వానొస్తే పుస్తకాలు ఎటు జరుపుతారు, ఇవేవీ గూగుల్ మ్యాప్‌లో కనపడవు.

నా మట్టుకు ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాలకే వదిలేస్తాను. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేశారు, గుర్తుందా? దానికి సిమెంటు పని అక్కర్లేదు, బారికేడ్లు చాలు. అలాగే పుస్తకాలు పరిచే రోడ్డులో పొద్దున కొన్ని గంటలు ఒక పక్క నడకకీ సైకిళ్లకీ ఇస్తే? అంబులెన్సులకీ, లాడ్జీలకి వచ్చే ఆటోలకీ రెండో పక్క ఉంటుంది. గుంపు ఎక్కువైన చోట సైకిలు దిగి నడిపించుకోవాల్సిందే. మిగతా ఆరు రోజులూ ఫుట్‌పాత్ ఎక్కేవి బైకులు. వాటిని తీయమనడానికి నాకేం మొహమాటం లేదు.

నాలుగు ఆదివారాలు ఇలా నడిపి, అమ్మకాలు పెరిగాయా తగ్గాయా అని పుస్తకాల వాళ్లనే అడిగి, ఆ తర్వాత రోడ్డు మీద రంగు వెయ్యాలో వద్దో తేల్చుకోవచ్చు.