పొగాకు ప్రకటనల నిషేధము – న్యాయవాదుల సేవ

చట్టము పుస్తకమున వ్రాయబడినంతమాత్రమున దేశమున నడువదు. దానిని నడిపించువారు కావలయును. పొగాకు ప్రకటనల విషయమున ఈ సంగతి యెట్లు రుజువైనదో విద్యార్థులకు విశదపరుపదలచితిమి.

మన పార్లమెంటు 2003లో సిగరెట్లు, ఇతర పొగాకు వస్తువులను గూర్చిన చట్టమును చేసెను. దాని 5వ సెక్షను ప్రకటనలను నిషేధించుచున్నది. ఆ నిషేధము 2004 మే 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. 6వ సెక్షను ప్రకారము 18 ఏండ్లు నిండనివారికిని, విద్యాలయమునకు 100 గజములలోపలను పొగాకు అమ్మరాదు. ప్రకటన నేరము మొదటిసారి రుజువైనచో రెండేండ్లవరకు ఖైదుగాని, వేయి రూపాయలవరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

అయితే 5వ సెక్షనులో నొక మినహాయింపు కలదు. పొగాకు అమ్మెడు దుకాణముయొక్క ద్వారమునందును లోపలను ప్రకటన యుండవచ్చును. ఈ చిన్న సందు పెద్ద వాకిలి కాకుండుటకై ప్రభుత్వము నియమములు చేసి, 2005లో వానిని సవరించెను. బోర్డు 60 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్ల కొలతను మించరాదు; దానిపై ఆరోగ్య హెచ్చరిక యుండవలయును; సరకు రకము తప్ప బ్రాండు పేరుగాని బొమ్మగాని యుండరాదు; వెనుకనుండి దీపకాంతి ప్రసరింపరాదు.

వ్యాపారపక్షమువారు బొంబాయి హైకోర్టు నాశ్రయించి, ఈ నియమముల అమలును నిలుపుచేయించిరి. నియమము కాగితముమీద నున్నను, ఏడేండ్లు నిద్రపోయెను. తుదకు హెల్త్ ఫర్ మిలియన్స్ అను ధర్మసంస్థ పక్షమున న్యాయవాదులు సుప్రీంకోర్టులో వాదించిరి. 2013 జూలైలో ఆ న్యాయస్థానము నిలుపుదలను రద్దుచేసి, చట్టమును గట్టిగా అమలుజరుపవలసినదని కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల నాదేశించెను.

పూర్వము నష్టపడినవాడే వ్యాజ్యము వేయవలయునని నియమ ముండెడిది. ప్రకటనవలన నష్టపడువా డెవడు? నేడు బోర్డు చూచి ముచ్చటపడు బాలుడు. వాని రోగము బయటపడునాటికి అనేక సంవత్సరములు గడచును. తనకు హాని జరిగినదని యెరుగనివాడు కోర్టు కెట్లు పోగలడు? 1981లో సుప్రీంకోర్టు, ముఖ్యముగా జస్టిస్ పి. ఎన్. భగవతిగారి తీర్పువలన, నోరులేనివారి పక్షమున పరులు సద్బుద్ధితో వ్యాజ్యము తేవచ్చునను మార్గమును విశాలపరచెను. దీనినే ప్రజాహిత వ్యాజ్యమందురు.

ఇట్టి న్యాయవాది చేయు పని కోర్టులో ప్రసంగించుట మాత్రమే కాదు. బోర్డు ఎచ్చట, ఏ తేదీని కనబడెనో వ్రాయించును, కొలత తీయించును, ఛాయాచిత్రము భద్రపరచును. పిమ్మట అధికారికి నోటీసు పంపును. ఏ చర్య గైకొనిరో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అడుగును. ప్రయోజనము లేనిచో, రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైకోర్టు నర్థించును. కోపముకంటె కొలబద్ద బలమైన సాక్షి.

మన గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పొగాకు పంటవలన జీవించు కుటుంబములు పెక్కులు కలవు. ఈ పాఠము చదువువారిలో వారి బిడ్డలును ఉండవచ్చును. ప్రకటనల నిషేధము రైతు శ్రమను దూషించునది కాదు, సేద్యమును ఆపునది కాదు. తెలియని బాలుని ఆశపెట్టి అలవాటులోనికి దింపు పనిని మాత్రమే అది ఆపుచున్నది.

విద్యార్థులారా! పాఠశాలకు వచ్చు దారిలో అట్టి బోర్డు కనబడినచో దానిని చింపకుడు, దుకాణదారునితో తగవులాడకుడు. తేదీని, స్థలమును వ్రాసికొని, మీ తలిదండ్రులకును ఉపాధ్యాయులకును తెలుపుడు. ఏడేండ్లు నిద్రించిన నియమమును మేలుకొలిపినవారును, ఓపికతో సాక్ష్యము కూర్చుకొని న్యాయస్థానము తలుపు తట్టినవారే.