మైనస్ 25లో హీట్ పంప్ ఇల్లు వెచ్చగా ఉంచుతుందా? స్పెక్ షీట్‌లో చూడాల్సిన అంకె ఇదే

మన దగ్గర ఏసీ అంటే చల్లదనం. నేనుండే మిన్నెసోటాలో అదే మెషిన్‌ని తిరగేసి నడిపితే హీటర్. దాన్నే హీట్ పంప్ అంటారు. ఇక్కడి చలి మామూలుది కాదు. 2019 జనవరి 30న మిన్నియాపోలిస్‌లో టెంపరేచర్ మైనస్ 33 సెల్సియస్‌కి పడిపోయింది. అలాంటి రోజున ఇల్లు చల్లబడితే ఇంకో దుప్పటి కప్పుకుని సరిపెట్టుకోలేం, గోడల్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. అందుకే ఇక్కడ ఇల్లు కొనే మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే: "అంత చలిలో బయట వేడెక్కడుందండీ, లోపలికి తేవడానికి?"

ఉంది. ఇప్పటి చాలా మెషిన్లలో వాడే ఆర్-32 గ్యాస్, మామూలు వాతావరణ పీడనం దగ్గర, దాదాపు మైనస్ 51 డిగ్రీలకే మరుగుతుంది. దాని లెక్కలో మైనస్ 25 గాలి కూడా వేడి గాలే. ఆ వేడిని పీల్చుకున్న గ్యాస్‌ని కంప్రెసర్ నొక్కి, ఇంకా వేడెక్కించి ఇంట్లోకి పంపుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. లోపల 20, బయట 0 ఉంటే తేడా 20. బయట మైనస్ 30 అయితే తేడా 50. అంటే ఇంట్లోంచి వేడి రెండున్నర రెట్లు పోతుంది. సరిగ్గా అప్పుడే హీట్ పంప్ ఇచ్చే వేడి తగ్గిపోతుంది. బ్రోచర్‌లో పెద్దగా వేసే హీటింగ్ కెపాసిటీ 47 ఫారన్‌హీట్, అంటే సుమారు 8 సెల్సియస్ దగ్గర కొలిచింది. ఫోన్ బాక్స్ మీద "రెండు రోజుల బ్యాటరీ" లాంటిదే అనుకోండి. మీరు చూడాల్సింది 5 ఫారన్‌హీట్ దగ్గర, అంటే మైనస్ 15 సెల్సియస్ దగ్గర ఎంత ఇస్తుందో. మైనస్ 25 అంకె కూడా ఇచ్చిన మోడల్ అయితే ఇంకా మంచిది. ఆ అంకెని మీ ఇంటి హీట్ లాస్ లెక్కతో పోల్చి చూపించమని ఇన్‌స్టాలర్‌ని అడగండి. లెక్క వేయకుండా "ఇంత ఇంటికి ఇన్ని టన్నులు" అనేవాళ్లని నేనైతే నమ్మను.

ఆ రెండు అంకెల మధ్య లోటుని ఆగ్జిలరీ హీట్ పూడుస్తుంది. చాలా ఇళ్లలో అది కరెంటు కాయిల్. హీట్ పంప్ మైనస్ 15లో కూడా యూనిట్ కరెంటుకి దాదాపు రెండు యూనిట్ల వేడి ఇవ్వగలదు, కాయిల్ మాత్రం ఒకటికి ఒకటే. 10 కిలోవాట్ల కాయిల్ ఆన్ అయిందంటే మనింట్లో 2 కిలోవాట్ల గీజర్లు ఐదు ఒకేసారి తిరుగుతున్నట్టు! అందుకే బాగా చలి రాత్రుల్లో థర్మోస్టాట్ తగ్గించి పడుకోకండి. పొద్దున్నే ఒక్కసారిగా పెంచితే కాయిల్ అందుకుంటుంది, రాత్రి మిగిలింది కాస్తా పోతుంది. 20 పెట్టి అలా వదిలేయండి. మెషిన్ రోజంతా ఆగకుండా నడిచినా కంగారు పడక్కర్లేదు, ఇన్వర్టర్ మోడల్స్ నడవాల్సింది అలాగే.

వెంట్ దగ్గర చెయ్యి పెట్టి "ఇది వేడి రావట్లేదురా" అంటుంది మా అమ్మ, ఇక్కడికొచ్చిన ప్రతిసారీ. గ్యాస్ ఫర్నేస్ గాలి 50 డిగ్రీలు దాటి వస్తుంది, హీట్ పంప్ గాలి 35-40 మధ్య ఉంటుంది. ఒంటి వేడికి దగ్గర కాబట్టి చేతికి తెలియదు. చెయ్యి కాదు, గదిలో థర్మామీటర్ చూడాలి.

బయట యూనిట్ నుంచి తెల్లగా పొగ లేస్తే భయపడకండి, డీఫ్రాస్ట్‌లో మంచు కరిగి వచ్చే ఆవిరి అది. కాయిల్ మీద గడ్డకట్టిన మంచుని కత్తితో చెక్కొద్దు, రెక్కలు వంగిపోతాయి. యూనిట్‌ని స్టాండ్ మీద ఎత్తుగా పెట్టించి, మంచు కురిసిన ప్రతిసారీ చుట్టూ పారతో తీసేస్తే చాలు.