టీకా తర్వాత కన్ను ఎర్రబడితే...

ప్రశ్న: కొవిడ్ టీకా రెండో డోసు వేసుకున్న కొన్నాళ్లకే మా అమ్మ కుడి కన్ను ఎర్రబడి, చూపు మసకబారింది. చుక్కల మందుతో తగ్గింది. ఇప్పుడు ఫ్లూ టీకా వేసుకోమంటున్నారు. వేయించొచ్చా?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: మీ భయం ఉత్తదేమీ కాదు. కొవిడ్ టీకాలు మొదలయ్యాక కొందరికి కంటి మధ్య పొర వాచినట్టు పలు దేశాల వైద్యులు నమోదు చేశారు. దీన్నే యువియైటిస్ అంటాం. మీ అమ్మగారికి వచ్చిందీ ఇదే కావచ్చు. అరుదుగా వచ్చేదే, చాలామందికి స్టెరాయిడ్ చుక్కలతో తగ్గింది. అయితే టీకా తర్వాత వచ్చిందల్లా టీకా వల్లే వచ్చిందనుకోలేం. మన దేశంలో ఈ వాపునకు క్షయ కూడా ఒక ముఖ్య కారణం. అమ్మగారికి అప్పుడు క్షయ పరీక్షలు చేశారా? పాత కాగితాలు వెతకండి. నన్నడిగితే టీకా కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

కన్ను ఇప్పుడు నెమ్మదిగా ఉంటే, ఫ్లూ టీకాకు సాధారణంగా అడ్డులేదు. ముందొకసారి కంటి వైద్యుల దగ్గర స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూసే పరికరం) కింద చూపించండి. ముధోల్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారి కేంద్రం ఉంది గానీ, మీకు రైలెక్కి హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి వెళ్లడమే తేలికేమో. టీకా తర్వాత నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక కనిపిస్తే అదే రోజు వెళ్లండి. మిగిలిపోయిన పాత చుక్కలు మాత్రం వేయొద్దు. అవి స్టెరాయిడ్ చుక్కలైతే, ఇష్టమొచ్చినట్టు వాడినప్పుడు కంటిలో ఒత్తిడి పెరగొచ్చు.