అడుగు పలక చూడు అల్లుడూ

కోయిలకుంట్ల,
ఆదివారం

ఒరే అల్లుడూ,

శనగ పూత మీద ఉంది. పచ్చపురుగు పడకుంటే ఈసారి పెట్టుబడి పోను నాలుగు రూకలు మిగిలేట్టే ఉంది. మీ అవ్వకు మోకాళ్ల నొప్పులు అట్లాగే ఉన్నాయి, నోరు మాత్రం తగ్గలేదు.

నిన్న మీ అమ్మ అంగడికొచ్చి సెల్లులో నీ వీడియో చూపించింది. "వీడు నీళ్లమీద నిలబడుకోని యాడికి పోతాన్నాడన్నా? పెండ్లీడుకొచ్చినోడు. నీ మాటైతే వింటాడు, చెప్పు" అని ఒకటే పోరు. సరే చెప్తాలేమ్మా అని పంపించి, అదే వీడియో మెల్లగా నడిపించి చూసినాను. నేను చూసింది మీ అమ్మ చూసింది కాదు. మలుపు దగ్గర నీ బండి తోక పక్కకు జారుతోంది. నేరుగా పోయేటప్పుడు మూతి పైకీ కిందికీ కొట్టుకుంటోంది. అల తగిలి ఎగిరినప్పుడల్లా ఇంజను ఒక్కసారిగా అరుస్తోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు.

నువ్వేమో పందేల్లో దిగుతానని పెద్ద కార్బురేటర్లు, కొత్త ఎగ్జాస్టు పైపు, సిలిండర్ హెడ్డు అని జాబితా పంపినావు. డబ్బు ఎక్కువైందా నాయనా? కోప్పడుతున్నానని ఫోను పక్కన పెట్టొద్దు, పూర్తిగా చదువు. నువ్వు వెనకబడేది జోరు చాలక కాదు, పట్టు లేక. నీ పాత యమహా సూపర్‌జెట్ మనిషి నిలబడి నడిపే 701 సీసీ బండి, బరువు నూటనలభై కిలోలకు అటూఇటూ. అంత తేలికబండికి ఆ ఇంజను తక్కువేం కాదు. ముందు దాన్ని తిరగేసి అడుగు చూడు.

అయినా ఇట్లాంటి బండి నువ్వుండే అరిజోనా సొత్తేనంటే నాకు భలే ముచ్చటేసింది. క్లేటన్ జాకబ్సన్ అని లేక్ హవాసు సిటీ ఆయనట. మట్టిలో మోటారు సైకిలు పందేలాడే మనిషి. కిందపడితే నేల కంటే నీళ్లు మేలని, బ్యాంకు కొలువు మానుకొని 1960ల్లోనే నమూనా చేసినాడు. కవాసాకి వాళ్లు ఆయన ఊహతోనే 1973లో నిలబడి నడిపే జెట్ స్కీని అమ్మకానికి తెచ్చినారు. మన సీమ మాదిరి ఎండిపోయిన రాష్ట్రం, కొలరాడో నదికి అడ్డంగా పార్కర్ డ్యాం కట్టి నిలిపిన నీళ్లు, ఆ నీళ్లలో ఏండ్ల తరబడి ప్రపంచ పందేలు. లండన్ వంతెనను కూడా రాళ్లు విప్పి తెచ్చి అక్కడే పెట్టుకున్నారంట కదా. ఉన్నోళ్ల సరదాలు! మనకూ అవుకు రిజర్వాయరు ఉంది. అక్కడ పడవెక్కి ఫోటో దిగొచ్చినోడే మా వీధిలో వీరుడు.

సరే, పనిలోకొస్తాను. నీ బండి కడుపులో ఉన్నది పంపే. నేను ఇన్నేండ్లుగా విప్పి బిగిస్తున్నదీ అదే. బావి మోటరైతే ఇంపెల్లరు తిరిగి నీళ్లను చేనుకు తోస్తుంది, నీ బండిలో వెనక్కి చిమ్మి నిన్ను ముందుకు తోస్తుంది. అల మీద ఇంజను అరిచిందంటే పంపు గాలి పీల్చిందన్నమాట. ఫుట్‌వాల్వు నీళ్ల పైకి తేలితే మన మోటరు ఎట్లా గోల చేస్తుందో విన్నావు కదా, అదే కత. మొదట ఇంపెల్లరు అంచుకూ దాని చుట్టూ ఉండే వేర్ రింగుకూ నడుమ సందులో ఫీలర్ గేజి పెట్టి చూడు. ఇసుక, గులకరాళ్లు నమిలి అంచులు మొద్దుబారి ఉంటాయి. సందు పెరిగితే నీళ్లు వెనక్కి జారిపోతాయి, నువ్వెంత పెట్రోలు పోసినా దండగే. పంపు పడవకు ఆనుకునే చోట సీలు ఊడి ఉంటే అక్కడా గాలి దూరుతుంది. ఈ రెండూ సరిచేసినాక నీళ్లు లోపలికొచ్చే చోటుండే జాలీని మార్చు. కిందికి నాలుక చాచినట్టుండే స్కూప్ గ్రేటు వేస్తే అలల మీద కూడా నీళ్లు అందుకుంటుంది, మలుపులో వెనకభాగాన్ని పట్టి ఉంచుతుంది. నేరుగా పోయేటప్పుడు కాస్త లాగుడు ఉంటుంది, ఓర్చుకో.

తర్వాత వెనక అడుగున ఉండే రైడ్ ప్లేటు. మూతి కొట్టుకునేది చాలామటుకు దీని వల్లే. పొడుగు పలక బండిని తిన్నగా నిలబెడుతుంది, పొట్టిది చురుగ్గా తిరగనిస్తుంది కానీ కుదురుండదు. కొత్తది కొనేముందు ఉన్నదానికే వెనక బోల్టుల దగ్గర పలుచని వాషరు వేసి చూడు. పలక తోక వెంట్రుకవాసి దిగితే మూతి నీళ్లకు ఆనుతుంది. ఎక్కువ దించినావంటే మూతి నీళ్లలో గుచ్చుకొని నువ్వు హ్యాండిలు మీదుగా ఎగిరిపడతావు. జాగ్రత్త. పక్కలకు బిగించే స్పాన్సన్లు మలుపులో అంచు పట్టుకోవడానికి మంచివే. అవి ఆఖరుకు.

ఒక్కమాట గట్టిగా చెప్తున్నా. ఒకసారికి ఒకటే మార్చు. అదే చెరువు, అవే బోయాలు, అంతే పెట్రోలు పెట్టుకొని నడిపి, నోటుబుక్కులో రాసుకొని, తర్వాతే రెండోది. నాలుగూ ఒకేసారి బిగిస్తే బాగుపడినా చెడినా ఏది కారణమో దేవుడికే తెలియాలి. ఇంపెల్లరు రెక్కల వాలు, అదే పిచ్, పెంచే ముందు మరీ ఆలోచించు. ఎర్రగడ్డ చేనుకు నీళ్లు చాలడం లేదని ఒక రైతు బతిమాలితే, నేను ఆంపియర్లు చూడకుండా పెద్ద ఇంపెల్లరు వేసి, ఆయన మోటరు వైండింగు కాల్చి పెట్టినాను. ఆ ఏడు ఎర్రగడ్డ గడ్డ కట్టలేదు. నీ ఇంజనైతే కాలకపోవచ్చు, మలుపు దాటినాక మాత్రం లేవలేక మూలుగుతుంది.

కొనేముందు పందెం రూలుబుక్కు చదివినావా? స్టాక్, లిమిటెడ్, మాడిఫైడ్ అని తరగతులుంటాయి. ఒక తరగతిలో ఒప్పుకున్న భాగం ఇంకోదాంట్లో ఒప్పుకోరు. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో కూడా నిలబడి నడిపే బండ్లకు స్కీ మాడిఫైడ్ అని వేరే పోటీ పెట్టినారు. నువ్వు ఏ తరగతిలో దిగుతావో తేల్చుకోకుండా సామాన్లు కొంటే అటకెక్కించుకోవడమే.

ఇక నీ నిలబడే తీరు. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి కొయ్యమాదిరి నిలబడినావు. ఒకటి ముందు ఒకటి వెనక పెట్టు, మోకాళ్లు వంచు, మలుపులోకి ఒరుగు. నువ్వు నిలబడే ట్రేలో వేసే మ్యాటుకు వెనక ఎత్తు ఉండేది దొరుకుతుంది, మడమ ఆనుకోవడానికి. హ్యాండిలు కడ్డీ నీ పొడుగుకు సరిపోయిందా చూసుకో. నువ్వు మీ నాయన మాదిరి పొడుగు, దాన్ని ఎవరో పొట్టోడు అమర్చుకున్నట్టుంది.

మీ అమ్మ భయం ఊరికే కాదురా. ఆ బండికి చుక్కాని లేదు. వెనక నాజిల్లోంచి నీళ్లు చిమ్మితేనే తిరుగుతుంది. ఎదురుగా ఏదో వచ్చిందని భయపడి థ్రాటిల్ వదిలేస్తే, హ్యాండిలు ఎంత తిప్పినా నేరుగా పోయి గుద్దుకుంటుంది. కొత్తోళ్లు దెబ్బలు తినేది ఇక్కడే. తప్పించుకోవాలంటే కొంచెం థ్రాటిల్ ఉంచే తిప్పాలి. ఖాళీ నీళ్లలో ఇది చేతికి అలవాటయ్యేదాకా పందెం మాట ఎత్తొద్దు. ఇంజను ఆపే తాడు మణికట్టుకు కట్టుకోకుండా స్టార్టు చేసినావని తెలిస్తే నీతో మాట్లాడను. మాట్లాడతాలే, అయినా కట్టుకో.

దిగుడుబావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండు కట్టించుకోవడానికి సిగ్గుపడి చెట్టెక్కి కూర్చునేవాడివి. వీడియోలో లైఫ్ జాకెట్ ముందు జిప్పు తెరిచే ఉంది. చూడలేదనుకున్నావా?

పలక విప్పినప్పుడు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపు, బోల్టు రంధ్రాలు కనపడాలి. వాషర్లు స్టెయిన్‌లెస్‌వే వెయ్యి. బోల్టులకు లాక్‌టైట్ పూయడం మరవొద్దు, ఆ అదురుడుకు ఊడిపోతాయి. మీ అమ్మకు వీడియో పంపేటప్పుడు నువ్వు పడిన ముక్క కత్తిరించి పంపు. నాకు మాత్రం పడిందే పంపు.

మీ మామ