ఎండలో చదవగల చేతి జీపీఎస్ పరికరం: క్షేత్ర పనికి ఎంపిక విధానం

ఉపోద్ఘాతం

2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో భూసార పత్రాల పథకం ప్రారంభమైన నాటి నుండి మట్టి నమూనా సేకరణలో జీపీఎస్ వాడకం నిత్యకృత్యమైనది. సాగునీటి భూములలో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూములలో 10 హెక్టార్లకు ఒక గడి చొప్పున నమూనా తీయవలసి ఉంటుంది. ప్రతి నమూనాకు అక్షాంశ, రేఖాంశాలు నమోదు కావాలి. తెగుళ్ల సర్వే, పంట కోత ప్రయోగాలు, ప్రదర్శనా క్షేత్రాల గుర్తింపు మొదలైన పనులకు కూడా ఇదే పరికరం ఆధారం.

ఈ పనులలో అధిక భాగం పంటలు కోసిన తరువాత, మార్చి నుండి మే వరకు, నీడ లేని బయలులో జరుగుతాయి. గదిలో నిక్కచ్చిగా కనిపించిన అంకెలు అక్కడ కనిపించవు. అరచేయి అడ్డుపెట్టి, కళ్లు చిట్లించి, ఊహతో కలిపి చదివిన అంకె నమోదు పుస్తకంలోకి ఎక్కుతుంది. కొనుగోలు సమయంలో మనం ఉపగ్రహాల సంఖ్యను, మెమరీని, ధరను పోల్చి చూస్తాము గాని, ఎండలో తెర ఎలా ఉంటుందో చూడము. క్షేత్ర పరికరం ఎంపికలో తెరకే మొదటి స్థానం ఎందుకు ఇవ్వాలో, దానిని ఎలా పరీక్షించాలో ఈ వ్యాసంలో వివరించడమైనది.

తప్పు చదివిన అంకె విలువ

అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లకు సమానం. దశాంశ బిందువు తరువాత నాలుగవ స్థానంలోని ఒక అంకె 11 మీటర్లను, మూడవ స్థానంలోని అంకె 111 మీటర్లను సూచిస్తుంది. నాలుగవ స్థానంలోని 3ను 8గా చదివితే వచ్చే తేడా 55 మీటర్లు. చతురస్రాకారపు ఎకరం భుజం 63.6 మీటర్లు మాత్రమే కనుక, ఆ నమూనా దాదాపుగా పక్క రైతు పొలానికి చెందినదిగా నమోదవుతుంది. ఇదే పొరపాటు మూడవ స్థానంలో జరిగితే తేడా 555 మీటర్లు. 2.5 హెక్టార్ల గడి భుజం 158 మీటర్లు. అంటే నమూనా మూడు గడులు దాటి పోయినట్లే.

దీనితో పోల్చినప్పుడు రిసీవర్ చేసే పొరపాటు స్వల్పం. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌర సంకేతాలలో ఉద్దేశపూర్వకంగా కలిపే దోషాన్ని తొలగించింది. నేడు ఆ ప్రభుత్వం ఇచ్చే సమాచారం ప్రకారం, ఆకాశం తెరిపిగా ఉన్నచోట స్మార్ట్‌ఫోన్ పొరపాటు సాధారణంగా 4.9 మీటర్ల వ్యాసార్ధం లోపల ఉంటుంది. సాధారణ చేతి పరికరాలు కూడా బయలులో ఇంచుమించు ఇదే స్థాయిలో పనిచేస్తాయి. కావున రెండు పరికరాల మధ్య ఒకటి రెండు మీటర్ల తేడా కోసం అధిక ధర చెల్లించి, 55 మీటర్ల పొరపాటుకు తావిచ్చే తెరను కొనడం వివేకం కాదు. తప్పు గడికి చేరిన విశ్లేషణ ఫలితం ఎంత నిర్దుష్టమైనదైనా, దాని ఆధారంగా ఇచ్చే ఎరువుల సిఫారసు ఆ రైతుకు పనికిరాదు. పైగా పత్రం చూసిన రైతుకు ఆ తప్పు తెలిసే మార్గమే లేదు.

ఎండలో తెరకు ఏమవుతుంది?

తెరపై అక్షరం కనిపించడానికి కావలసినది తెలుపు, నలుపు భాగాల మధ్య కాంతి నిష్పత్తి. దీనినే కాంట్రాస్ట్ అంటారు. తెర ఇచ్చే కాంతిని నిట్లలోను, తెరపై పడే కాంతిని లక్స్‌లలోను కొలుస్తారు. గదిలో వెలుతురు సుమారు 500 లక్స్ కాగా, మధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. తెరపై పడిన వెలుతురులో కొంత చెదిరి కంటికి చేరుతుంది. ఇది తెలుపు భాగానికీ నలుపు భాగానికీ సమానంగా కలుస్తుంది. నలుపు నలుపుగా నిలవకపోవడమే అసలు సమస్య.

ఒక ఉదాహరణ చూద్దాం. తెర తనపై పడిన కాంతిలో 2 శాతాన్ని వెదజల్లుతుందని, నలుపు భాగం స్వయంగా కాంతి ఇవ్వదని అనుకుందాం. లక్స్‌ను ఈ శాతంతో గుణించి 3.14తో భాగిస్తే అదనంగా చేరే కాంతి నిట్లలో వస్తుంది. గదిలో ఇది 3.2 నిట్లు. 500 నిట్ల తెరకు కాంట్రాస్ట్ 150కి పైగా ఉంటుంది. ఎండలో అదనపు కాంతి 637 నిట్లు. అప్పుడు తెలుపు 1,137, నలుపు 637. నిష్పత్తి 1.8 మాత్రమే. వెబ్ పుటలలోని సాధారణ అక్షరాలకు అంతర్జాతీయ మార్గదర్శకాలు కనీసం 4.5 నిష్పత్తిని కోరుతాయని గుర్తుంచుకుంటే, ఎండలో మనం ఎంత తక్కువతో సరిపెట్టుకుంటున్నామో అర్థమవుతుంది.

ఇదే తెర వెలుగును రెట్టింపు చేసి 1,000 నిట్లకు పెంచినా నిష్పత్తి 2.6కు మించదు. 4.5 సాధించాలంటే సుమారు 2,200 నిట్లు కావాలి. వెలుగు పెంచకుండా, తెర వెదజల్లే కాంతిని 2 శాతం నుండి 1 శాతానికి తగ్గించినా అదే 2.6 నిష్పత్తి వస్తుంది. మొదటి మార్గంలో బ్యాటరీ త్వరగా ఖర్చయి పరికరం వేడెక్కుతుంది. రెండవ మార్గంలో ఆ నష్టం లేదు. కాబట్టి ప్రచార పత్రంలోని నిట్ల సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయించరాదు.

వేడి మరొక చిక్కు. కొన్ని ప్రముఖ ఫోన్లకు తయారీదారులు సూచించే పరిసర ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీల సెల్సియస్. మన వేసవి దీనిని ఉదయం పూటనే దాటుతుంది. వేడెక్కిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగును తగ్గించుకుంటుంది. వెలుగు అత్యవసరమైన వేళకే అది అందకుండా పోతుంది.

తెరలలో రకాలు

సాధారణ ఫోన్లు, ట్యాబ్లెట్ల తెరలు సొంత వెలుగు మీదనే ఆధారపడతాయి. వీటికి ఎండ శత్రువు. ఇందుకు భిన్నమైనది ట్రాన్స్‌ఫ్లెక్టివ్ తెర. దీని వెనుక పొర, తనపై పడిన ఎండలో కొంత భాగాన్ని వెనక్కు పంపి తెలుపు భాగాన్ని వెలిగిస్తుంది. ఎండ పెరిగిన కొద్దీ తెలుపు కూడా పెరుగుతుంది కనుక నిష్పత్తి పడిపోదు. పగటిపూట వెనుక దీపం అవసరం ఉండదు. ఈ తరహా తెరతో వచ్చిన గార్మిన్ ఈట్రెక్స్ 10 వంటి చిన్న పరికరం రెండు ఏఏ సెల్స్‌తో 25 గంటల వరకు పనిచేస్తుందని తయారీదారు పేర్కొనడంలో ఈ పొదుపు పాత్ర ఉంది.

ఇక్కడ కొనుగోలుదారు మోసపోయే సందర్భం ఒకటున్నది. ట్రాన్స్‌ఫ్లెక్టివ్ తెర దుకాణంలో మసకగా, రంగులు వెలిసినట్లు కనిపిస్తుంది. పక్కనే ఉన్న ఫోన్ తెర మిలమిల మెరుస్తుంది. దుకాణంలో ఎంచుకున్నవారు సహజంగానే రెండవదానిని కొంటారు. పొలంలో ఈ రెండింటి స్థానాలు తారుమారవుతాయి.

వాడే పద్ధతిలోనూ తేడా ఉంది. ఫోన్‌ను ఒంటి నీడలోకి తెచ్చుకొని చదవాలి. ట్రాన్స్‌ఫ్లెక్టివ్ తెరకు నీడపడితే ఉన్న వెలుగు కూడా పోతుంది. దానిపై నేరుగా ఎండ పడనిచ్చి, అద్దంలో వలె సూర్యబింబం కంటికి తగలకుండా కొద్దిగా వంచి పట్టుకోవాలి. అలవాటు కొద్దీ అరచేయి అడ్డుపెట్టి ‘ఈ పరికరం బాగాలేదు’ అనుకోవడం పొరపాటు.

తెరిచిన కాక్‌పిట్ నేర్పిన పాఠం

ఈ సమస్యను వ్యవసాయ రంగంలో తీవ్రంగా ఎదుర్కొన్నవారు పైలట్లు. 1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ట్రాయ్ పట్టణం వద్ద, జాన్ మెక్‌రెడీ అనే సైనిక పైలట్ కర్టిస్ విమానం నుండి కటాల్పా చెట్లపై లెడ్ ఆర్సెనేట్ పొడిని చల్లాడు. విమానంతో సస్యరక్షణకు అది నాంది. ఆ విమానం కాక్‌పిట్‌కు పైకప్పు లేదు. నేటికీ చిన్న తేలికపాటి విమానాలు అనేకం అలాగే ఉంటాయి. వాటి పైలట్‌కు ఎండ అన్ని వైపుల నుండి తగులుతుంది. చేతికి తొడుగులుంటాయి, గాలి విసురుతుంది, ఇంజన్ అదురుతుంది. ఆగి నీడలో చదువుకునే వీలు లేదు. తెరపై చూపు నిలపగలిగే వ్యవధి ఒకటి రెండు సెకన్లే.

అందువల్ల అటువంటి విమానాలకు చేతి జీపీఎస్ ఎంచుకునేటప్పుడు ఎండలో చదవగల తెర, పెద్ద అక్షరాలు, తొడుగులతో నొక్కగల బొత్తాలు, కదలని బిగింపు అనే నాలుగింటిని ముందు చూస్తారు. మందు చల్లే విమానాలలో 1990వ దశకంలో జీపీఎస్ ప్రవేశించినప్పుడు వాడుకలోకి వచ్చిన పరికరం మరింత సరళం. చాలు నుండి ఎడమకు తప్పితే ఒకవైపు, కుడికి తప్పితే మరొకవైపు దీపాలు వెలిగే పట్టీ అది. అంతకుముందు చాలు చూపడానికి జెండా పట్టుకొని పొలంలో నిలబడి, మందు తుంపరకు గురయ్యే మనిషి అవసరం దీనితో తగ్గింది. అదే దీపాల పట్టీ తరువాత ట్రాక్టర్లకూ చేరింది. ఎండలో పనిచేసేవారికి ఎక్కువ సమాచారం కన్నా, ఒక్క చూపుకు అందే సమాచారం మేలు అనే సూత్రం దీని నుండి గ్రహించాలి.

పొలంలో పరీక్ష

పరికరాన్ని కొనడానికి ముందు, వీలైతే నమూనా పరికరాన్ని తెప్పించి, మధ్యాహ్నం 12 నుండి 2 గంటల మధ్య బయలులో ఈ క్రింది పరీక్షలు జరపాలి.

1. చదివే పరీక్ష: వేర్వేరు పది స్థానాల అక్షాంశ, రేఖాంశాలను పరికరంలో నిల్వచేసి, ఎండలో నిలబడి తెరపై చూసి కాగితంపై రాయాలి. తరువాత నిల్వ ఉన్న విలువలతో పోల్చి తప్పులు లెక్కించాలి. నలభై ఏళ్లు దాటినవారితో కూడా ఈ పరీక్ష చేయించాలి.

2. అక్షరాల పరిమాణం: అంకె ఎత్తు చదివే దూరంలో కనీసం 200వ వంతు ఉండాలన్నది స్థూల సూత్రం. 40 సెంటీమీటర్ల దూరానికి ఇది 2 మిల్లీమీటర్లు. ఎండలో, నడకలో దీనికన్నా పెద్దవి అవసరం. ఒక పుటలో ఎనిమిది అంశాలకు బదులు మూడు అంశాలే కనిపించేలా అమర్చుకునే వీలుందో లేదో చూడాలి.

3. నల్ల కళ్లద్దాల పరీక్ష: పోలరైజ్డ్ అద్దాలతో చూస్తే కొన్ని తెరలు ఒక దిశలో పూర్తిగా నల్లబడతాయి. తెరను నిలువుగా, అడ్డంగా తిప్పి రెండు విధాలా చూడాలి.

4. తొడుగుల పరీక్ష: రబ్బరు తొడుగులతో, చెమట చేతితో, మట్టి అంటిన వేలితో బిందువును నిల్వచేసి చూడాలి. స్పర్శ తెరలు ఇక్కడ తరచు విఫలమవుతాయి. బొత్తాలున్నవి నెగ్గుతాయి.

5. వేడి పరీక్ష: పరికరాన్ని ఒక గంటసేపు ఎండలో వాడుతూ, వెలుగు తగ్గుతున్నదేమో, బ్యాటరీ ఎంత ఖర్చయినదో రాసుకోవాలి. సెల్స్ మార్చుకునే పరికరమైతే మారుమూల గ్రామాలలో సౌకర్యం.

6. నీటి రక్షణ: ఐపీఎక్స్7 అని ఉంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకుంటుందని అర్థం. వరి మడిలో పనికి ఇది చాలును.

ఇప్పటికే ఫోన్లతో పనిచేస్తున్న కార్యాలయాలు కొత్త పరికరం కొనలేకపోతే, మెరిసే రక్షణ పొర తీసివేసి మెరుపు లేని పొర అతికించడం, తెలుపుపై నల్లని అక్షరాలు ఎంచుకోవడం, ఉదయం పది గంటలలోపు పని ముగించడం వల్ల చాలావరకు మేలు జరుగుతుంది.

చదవవలసిన అవసరాన్ని తగ్గించుట

ఎంత మంచి తెరయైనా, చదివి చేతితో రాయడం కంటే బిందువును పరికరంలోనే నిల్వచేసి, కార్యాలయంలో కంప్యూటరుకు ఎక్కించడం శ్రేయస్కరం. నమూనా సంచి మీద బిందువు సంఖ్య ఒక్కటి రాస్తే చాలు. కాగితంపై రాసే విలువ కేవలం సరిచూసుకోవడానికి ఉండాలి.

విలువలను రాసే పద్ధతి జట్టు అంతటికీ ఒకటే కావాలి. 17 డిగ్రీల 25.500 నిమిషాలను 17.25500 డిగ్రీలుగా రాస్తే స్థానం సుమారు 19 కిలోమీటర్లు జరుగుతుంది. అలాగే పాత టోపోషీట్లకు ఆధారమైన ఎవరెస్ట్ ప్రమాణానికీ, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 ప్రమాణానికీ మధ్య మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడా ఉంటుంది. ఇస్రో, భారత విమానాశ్రయాల సంస్థ కలిసి విమానయానం కోసం రూపొందించిన గగన్ సవరణ సంకేతాలను స్వీకరించే వీలు పరికరంలో ఉంటే, ఆ సెట్టింగును తెరిచి ఉంచాలి.

విస్తీర్ణం కొలతలో పరిమితిని కూడా విద్యార్థులు గ్రహించాలి. నాలుగు మూలలలో ఒక్కొక్క దిశలో 3 మీటర్ల చొప్పున, పరస్పర సంబంధం లేని పొరపాటు ఉందనుకుంటే, చతురస్రాకారపు ఎకరంలో విస్తీర్ణం తేడా సుమారు 6.7 సెంట్లు, అనగా 6.7 శాతం. ఐదు ఎకరాలకు ఇది 3 శాతానికి తగ్గుతుంది. వెంటవెంటనే తీసిన బిందువులలో పొరపాట్లు ఒకే దిశలో ఉండి కొంత రద్దవుతాయి కనుక, వాస్తవంలో తేడా ఇంతకన్నా తక్కువ ఉండవచ్చు. అయినా చిన్న కమతాలలో చేతి జీపీఎస్ కొలతను హద్దు తగాదాకు సాక్ష్యంగా వాడరాదు. ఎరువు, మందు మోతాదు అంచనాకు మాత్రమే పరిమితం చేయాలి.

ముగింపు

క్షేత్ర పరికరంలో ఉపగ్రహం నుండి నమోదు పుస్తకం దాకా ఉన్న గొలుసులో బలహీనమైన కొక్కెం తెరకూ కంటికీ మధ్య ఉంది. కొనుగోలు సంఘాలు సాంకేతిక నిబంధనలు రాసేటప్పుడు ‘మధ్యాహ్నపు ఎండలో, వెనుక దీపం లేకుండా చదవగలగాలి’ అనే ఒక్క వాక్యాన్ని చేర్చి, దానిని బయలులో పరీక్షించి తీసుకోవాలి. అరగంట పరీక్షకు కావలసినది ఎండ, కాగితం, కలం మాత్రమే. ఆ అరగంట వెచ్చించిన శాస్త్రవేత్త, తాను సేకరించిన గుప్పెడు మట్టి ఏ రైతు పొలానిదో నిస్సంశయంగా చెప్పగలుగుతాడు.